డ్రగ్ మాస్టర్‌లో ఆ ఒక్క గడి: హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ నడిపేవారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల్లో మందుల వ్యవహారం చూసే అధికారులకు, ప్రైవేటు ఆసుపత్రుల ఐటీ విభాగాలకు, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్మే కంపెనీలకు,

నమస్కారం.

మీ సాఫ్ట్‌వేర్‌లోని డ్రగ్ మాస్టర్‌లో, అంటే మందుల మూల పట్టికలో, కొత్త మందు ఎక్కించే స్క్రీన్ ఒకసారి తెరిచి చూడండి. ఐటమ్ పేరు, కంపెనీ, ప్యాకింగు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, జీఎస్టీ, ఎమ్మార్పీ అన్నీ అయ్యాక, అట్టడుగున 'గ్రూప్' అనో 'కేటగిరీ' అనో ఒక గడి ఉంటుంది. చాలాచోట్ల అది ఖాళీగా వదిలేసినా సేవ్ అయిపోతుంది. అందుకే స్టోర్‌లో కూర్చున్న మనిషి ఆ పూటకు తోచింది కొడతాడు. కొన్నాళ్ల తర్వాత ఆ డ్రాప్‌డౌన్ కిందికి లాగితే 'యాంటీబయాటిక్', 'యాంటీబయాటిక్స్', 'యాంటి బయోటిక్', 'ఇంజెక్షన్స్', 'షుగర్', 'హెచ్1', 'జనరల్', 'అదర్స్' అని వరసగా కనిపిస్తాయి. ఇందులో మొదటి మూడూ మందు చేసే పని. నాలుగోది మందు రూపం. ఐదోది జబ్బు. ఆరోది చట్టం, కొన్ని మందుల అమ్మకానికి విడి నియమాలు పెట్టే షెడ్యూల్ హెచ్1. చివరి రెండూ ఏమీ కావు.

ఈ లేఖ ఆ గడి గురించే. ఎందుకింత పట్టింపు అంటారేమో. జిల్లాలో నిరుడు యాంటీబయాటిక్ ఎంత వాడారని పైనుంచి అడిగితే జవాబు రావాల్సింది ఆ గడిలోంచే. ఒకే చీటీలో రెండు నొప్పి మాత్రలు పడితే కంప్యూటర్ పట్టుకోవాలన్నా, పెన్సిలిన్ పడని మనిషికి అదే జాతి మందు రాస్తే ఆపాలన్నా, ఒక బీపీ బిళ్ల స్టాక్ అయిపోతే అదే కోవలో ఇంకేముందో చూపాలన్నా ఆధారం అదే. ఆ గడిలో చెత్త ఉంటే మీద కట్టిన డాష్‌బోర్డులన్నీ రంగుల చెత్తే.

దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. మందుల్ని అవి పనిచేసే అవయవం, చికిత్సా ప్రయోజనం, రసాయన జాతిని బట్టి వర్గీకరించే ఏటీసీ (అనటామికల్ థెరప్యూటిక్ కెమికల్) పద్ధతి ఉంది. 1970లలో నార్వే పరిశోధకులు మొదలుపెట్టారు. 1982లో ఓస్లోలో దీనికోసం ఒక కేంద్రం పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున కోడ్లు ఇచ్చేది, ఏటా మార్చేది ఇప్పటికీ ఆ కేంద్రమే. పైన 14 పెద్ద గుంపులు, ఒక్కోదానికి ఒక రోమన్ అక్షరం. కింద మరో నాలుగు మెట్లు. మొత్తం ఏడు అక్షరాల, అంకెల కోడు. ఈ లేఖలో వాటిని తెలుగు లిపిలో రాస్తున్నాం. మీ సిస్టంలో మాత్రం రోమన్ అక్షరాల్లోనే ఉంచండి, దయచేసి అనువదించకండి.

మెట్‌ఫార్మిన్ కోడు ఏ10బీఏ02. విప్పి చూస్తే, ఏ అంటే జీర్ణకోశం, జీవక్రియలు. ఏ10 అంటే మధుమేహానికి వాడేవి. ఏ10బీ అంటే ఇన్సులిన్ కాని, చక్కెర తగ్గించే మందులు. ఏ10బీఏ అంటే బైగ్వనైడ్లు. చివరి 02 మెట్‌ఫార్మిన్. ఎడమ నుంచి ఎన్ని అక్షరాలు కోస్తే అంత పెద్ద గుంపు వస్తుంది. ఏ10 దగ్గర కోస్తే షుగర్ మందులన్నీ, ఏ10బీఏ దగ్గర కోస్తే ఆ ఒక్క కుటుంబం. ఇదే దీని అందం. 'షుగర్' అని చేత్తో కొట్టిన మాటను ఇలా కోయలేం.

ఇక అసలు తప్పు దగ్గరికి వద్దాం. కోడు తెచ్చి బ్రాండ్ పేరుకు తగిలించడం ఒక తప్పు. ఒక సాల్ట్‌కు, అంటే మందులోని అసలు పదార్థానికి, ఒకే కోడు ఉంటుందనుకోవడం దానికంటే పెద్ద తప్పు. కోడు తగిలించాల్సింది సాల్ట్, ఇచ్చే మార్గం అనే జంటకు. కొన్నిచోట్ల స్ట్రెంత్, అంటే ఒక్కో మాత్రలో మందు ఎంతుందన్నది, కూడా కలవాలి.

మెట్రోనిడజోల్ చూడండి. సెలైన్ లాగా ఎక్కించే 100 మిల్లీలీటర్ల సీసాకు జె01ఎక్స్‌డీ01. అంటే యాంటీబయాటిక్‌ల గుంపు. అదే మందు 400 మిల్లీగ్రాముల మాత్ర అయితే పీ01ఏబీ01. పరాన్నజీవుల మందుల గుంపులోకి వెళ్లిపోతుంది. యోనిలో పెట్టే బిళ్లకు జీ01ఏఎఫ్01, చర్మానికి రాసే జెల్‌కు డీ06బీఎక్స్01. ఇప్పుడు మీరు యాంటీబయాటిక్ రిపోర్టు కోసం జె01 అని ఫిల్టర్ పెట్టారనుకోండి. మన ఓపీల్లో విరేచనాలకు, పంటి నొప్పికి రాసే మెట్రోనిడజోల్ మాత్రలు ఒక్కటి కూడా లెక్కలోకి రావు. పోనీ అని ఇంజెక్షన్ కోడే అన్నిటికీ అంటగడితే జెల్ ట్యూబులు కూడా యాంటీబయాటిక్ వాడకం కింద లెక్క తేలతాయి. సరైన దారి మూడోది. ఎవరి కోడు వారికి ఉంచి, రిపోర్టు నిర్వచనంలో 'జె01తో పాటు పీ01ఏబీ' అని రాసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తెచ్చిన, యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలు చేసే యాక్సెస్, వాచ్, రిజర్వ్ జాబితా కూడా మెట్రోనిడజోల్ మాత్రల్ని యాంటీబయాటిక్ కిందే లెక్కిస్తుంది. వాంకోమైసిన్‌దీ ఇదే తంతు. ఇంజెక్షన్ జె01లో ఉంటుంది, నోటి ద్వారా ఇచ్చేది ఏ07లో, పేగు మందుల్లో ఉంటుంది.

స్ట్రెంత్ పట్టించుకోవాల్సిన చోటికి ఆస్పిరిన్ మంచి ఉదాహరణ. గుండె రోగులు రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల మాత్ర రక్తం గడ్డకట్టకుండా చూసేది, బీ01ఏసీ06. నొప్పికి, జ్వరానికి వాడే పెద్ద మోతాదు ఎన్02బీఏ01. ఫినాస్టెరైడ్ 5 మిల్లీగ్రాములైతే ప్రొస్టేట్ మందు, 1 మిల్లీగ్రామైతే జుట్టు రాలడానికి. రెండూ వేర్వేరు గుంపులు. మెథోట్రెక్సేట్ దగ్గర స్ట్రెంత్ కూడా ఆదుకోదు. అదే 2.5 మిల్లీగ్రాముల మాత్ర కేన్సర్ మందుల్లోనూ ఉంది, ఎల్01బీఏ01. కీళ్లవాతానికి వాడే రోగనిరోధక శక్తిని అణచే మందుల్లోనూ ఉంది, ఎల్04ఏఎక్స్03. ఇక్కడ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయం తీసుకోవాలి, ఎందుకు తీసుకున్నారో రాసిపెట్టాలి. రాయకపోతే రేపు వచ్చే మనిషి మార్చేస్తాడు, ఎల్లుండి వచ్చే మనిషి తిరిగి మారుస్తాడు. పైగా కీళ్లవాతానికి ఇది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ అని పడితే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఈ మందుకు గుంపు హెచ్చరిక చాలదు, మందు పేరు మీదే విడిగా ఒక హెచ్చరిక పెట్టండి.

ఇంకో మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. మందు గుంపు చూసి రోగికి జబ్బు అంటగట్టకండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఉన్నది మలేరియా మందుల గుంపులో, పీ01బీఏ02. దాన్ని ఏళ్ల తరబడి వాడేది ఎక్కువగా కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్లు. గుంపు చూసి జబ్బు రాసుకునే ప్రోగ్రాం ఏడాదంతా ఆ మనిషిని మలేరియా లెక్కలో వేస్తుంది. క్లెయిము దగ్గర 'రోగ నిర్ధారణకూ మందుకూ పొంతన లేదు' అని తిప్పి పంపుతుంది. పుండొకచోట, మందొకచోట అన్నట్టే. ఎమిట్రిప్టిలిన్ దిగులు జబ్బు మందుల్లో ఉంది, ఎన్06ఏఏ09. మన దగ్గర అది 10 మిల్లీగ్రాముల్లో షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు, తలనొప్పికి రాస్తారు. కౌంటర్‌లో కవరు మీద, బిల్లు మీద గుంపు పేరు అచ్చయితే ఏమవుతుందో ఊహించండి. ఇంటికెళ్లి చదువుకున్న మనవడితో చదివించుకున్న పెద్దావిడ 'నాకు పిచ్చి మందులిచ్చారు' అని కవరు మూల పెట్టేస్తుంది. డాక్టరు మీద నమ్మకం పోతుంది, మంటలు అలాగే ఉంటాయి. రోగికిచ్చే కాగితం మీద గుంపు పేరు వద్దు. 'అరికాళ్ల మంటలకు, రాత్రి పడుకునే ముందు ఒకటి' అని ఉండాలి. ఆ 'ఎందుకు' అనేది డాక్టరు చీటీ రాసేటప్పుడే విడి గడిలోకి రావాలి. ఆరోగ్య రికార్డులు ఒక సిస్టం నుంచి ఇంకోదానికి పంపడానికి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ నమూనాలో మందు రాసిన రికార్డుకు కారణం చెప్పే చోటు విడిగా ఉంది. అది ఖాళీగా వదిలేసి గుంపు నుంచి ఊహించడం ఏ రకంగానూ సమర్థించుకోలేం.

హెచ్చరికల దగ్గర తరచు జరిగే పొరపాటు, కోడు ఏ మెట్టు దగ్గర కోయాలన్నది మొత్తానికి ఒకే నియమంగా పెట్టేయడం. 'నాలుగో మెట్టు వరకు ఒకటే అయితే డూప్లికేట్' అని ఒక్క వరసలో రాసి ఊరుకుంటారు. డైక్లోఫెనాక్ ఎం01ఏబీ05. ఇబుప్రోఫెన్ ఎం01ఏఈ01. ఎటోరికాక్సిబ్ ఎం01ఏహెచ్05. నాలుగో మెట్టులో మూడూ మూడు రకాలు కాబట్టి ఒకే చీటీలో మూడూ పడినా కంప్యూటర్ కిమ్మనదు. కిడ్నీకి మాత్రం ఆ తేడా తెలియదు. ఇక్కడ మూడో మెట్టు, ఎం01ఏ దగ్గర కోయాలి. బీపీ మందులైన ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ కలిపి ఇస్తే పొటాషియం పెరుగుతుంది, కిడ్నీ పనితీరు దెబ్బతింటుంది. ఒకటి సీ09ఏ, ఇంకొకటి సీ09సీ. వీటిని పట్టాలంటే రెండో మెట్టు, సీ09 దగ్గర కోయాలి. పోనీ అన్నిటికీ రెండో మెట్టే పెడదామా అంటే, షుగర్ రోగులందరికీ గంట మోగుతుంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపి ఇవ్వడం రోజూ జరిగే సరైన వైద్యమే, రెండూ ఏ10లోనివే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అర్థం లేని పాపప్ వస్తుంటే సిస్టర్ చదవకుండా ఎంటర్ కొట్టడం అలవాటు చేసుకుంటుంది. అసలు ప్రమాదం వచ్చిన రోజూ అలాగే కొడుతుంది. తప్పు ఆమెది కాదు.

కాబట్టి ఏ గుంపును ఏ మెట్టు దగ్గర కోయాలో చెప్పే చిన్న పట్టిక కావాలి. అది కోడ్‌లో కుక్కేయకుండా, ఆసుపత్రి ఫార్మసీ కమిటీ తెరిచి మార్చుకునేలా ఉండాలి. కొన్ని మొదటి అక్షరం దాటితే ఏ మెట్టు దగ్గరా కలవవు. అల్‌ప్రజోలం ఎన్05బీఏ12. క్లోనజెపాం మూర్ఛ మందుల్లో, ఎన్03ఏఈ01. ఒకే జాతి మత్తు మందులు, ఒకే పెద్దాయనకు రాత్రి రెండూ వేస్తే బాత్‌రూమ్‌కు లేచినప్పుడు పడతాడు. ఇలాంటి జంటల్ని చేత్తో ఒక గుత్తిగా కట్టుకోవాలి. ఏటీసీ మందుల వాడకం లెక్కల కోసం పుట్టింది, భద్రతా హెచ్చరికల కోసం కాదు. పునాదిగా పనికొస్తుంది, ఇల్లంతా అదే అనుకుంటే గోడలుండవు.

అలర్జీ దగ్గర ఈ మాట ఇంకా నిజం. 'పెన్సిలిన్ పడదు' అని నమోదైన రోగికి జె01సీ గుంపంతా ఆపమని నియమం పెట్టారు. బాగుంది. తర్వాత గ్యాస్ట్రో డాక్టరు కడుపులో హెలికోబాక్టర్ పైలోరీకి మూడు మందుల కిట్ రాశారు. ఆ కిట్‌లో పెన్సిలిన్ జాతికే చెందిన అమాక్సిసిల్లిన్ ఉంది. కానీ కిట్ కోడు ఏ02బీడీతో మొదలవుతుంది, అది కడుపు పుండ్ల మందుల గుంపు. హెచ్చరిక రాదు. ఆస్తమా ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్లు వద్దని సీ07 ఆపారు. నీటికాసుల జబ్బుకు వేసే టిమోలాల్ చుక్కలూ బీటా బ్లాకరే, కానీ అవి ఎస్01ఈడీలో ఉన్నాయి. కంట్లో వేసిందే కదా అనుకుంటాం, అది కూడా ఊపిరి బిగబట్టేలా చేయగలదు. అలర్జీని, ఇలాంటి నిషేధాల్ని సాల్ట్ స్థాయిలో పరీక్షించాలి. ప్రతి ఐటమ్ కింద అందులోని సాల్ట్‌లన్నీ విడివిడి వరసల్లో ఉండాలి. 'అమాక్సిసిల్లిన్ ప్లస్ క్లావ్' అని ఒకే గడిలో అంటుకుని ఉంటే పని జరగదు.

సాల్ట్‌లు విడదీయడం ఎంత అవసరమో పారాసిటమాల్ చెబుతుంది. ఒంటరిగా ఉంటే ఎన్02బీఈ01. జలుబు బిళ్లలో ఇతర మందులతో కలిస్తే ఎన్02బీఈ51. ట్రమడాల్‌తో కలిస్తే ఎన్02ఏజె13. జ్వరానికి 650 మిల్లీగ్రాముల బిళ్ల మూడు పూటలా, జలుబు బిళ్ల మూడు పూటలా, నడుం నొప్పికి ట్రమడాల్ కాంబినేషన్ రెండు పూటలా ఇచ్చారనుకోండి. జలుబు బిళ్లలో 500, ట్రమడాల్ బిళ్లలో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటే 1950, 1500, 650. మొత్తం 4100 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాముల హద్దు దాటింది. మూడు బిళ్లలకూ మూడు కోడ్లు కాబట్టి గుంపు చూసే ప్రోగ్రాం కంటికి ఇది ఆనదు. సాల్ట్ వారీగా మిల్లీగ్రాములు కూడితేనే తెలుస్తుంది.

కాంబినేషన్ల బెడద మన దేశంలో మరీ ఎక్కువ. కేంద్రం 2016 మార్చిలో 344 రకాలు, 2024 ఆగస్టులో 156 రకాలు నిషేధించింది. ఇంకా మార్కెట్లో ఉన్నవాటిలో చాలావాటికి ఓస్లోలో కోడే ఉండదు, అలాంటి కలయికలు చాలా దేశాల్లో లేవు కనుక. అప్పుడు కొందరు చేసే పని, ఉన్న గుంపు చివర 99 తగిలించి కొత్త కోడు పుట్టించడం. అలా చేయకండి. రేపు ఆ అంకె నిజంగానే ఇంకో మందుకు ఇస్తే మీ పాత లెక్కలన్నీ తారుమారవుతాయి. ఆ కోడ్లను మార్చడానికి ఓస్లో కేంద్రం ఒప్పుకోదు కూడా. కోడు లేకపోతే ముఖ్యమైన సాల్ట్‌ను బట్టి నాలుగో మెట్టు వరకే రాసి అక్కడ ఆగండి. మీ సొంత కోడు కావాలంటే వేరే గడిలో, చూడగానే స్థానికం అని తెలిసే ముందక్షరాలతో పెట్టుకోండి.

ఇక లెక్కల సంగతి. ఏటీసీకి జోడీగా డీడీడీ (డిఫైన్డ్ డైలీ డోస్) ఉంటుంది. పెద్దవాళ్లు ఆ మందును దాని ముఖ్యమైన ఉపయోగానికి రోజుకు సగటున ఎంత వాడతారన్న ఒక ఒప్పుకోలు కొలత. ఇది డాక్టరు రాయాల్సిన మోతాదు కాదు. చీటీని దీనితో పోల్చి 'ఎక్కువ రాశారు' అని అడిగే ఆడిట్లు దయచేసి ఆపండి. దీని పని వేరు. స్ట్రిప్పులు, వయళ్లు, సీసాలు అన్నిటినీ ఒకే తక్కెడలో వేయడానికి.

మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీ కింద 30,000 జనాభా అనుకుందాం. ఏడాదిలో మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు 1,20,000 ఇచ్చారు. అంటే 60,000 గ్రాములు. మెట్‌ఫార్మిన్ డీడీడీ 2 గ్రాములు కాబట్టి 30,000 డీడీడీలు. 365తో భాగిస్తే రోజుకు 82 పైచిలుకు. వెయ్యి మందికి రోజుకు సుమారు 2.74. పక్క పీహెచ్‌సీలో ఇది 0.9 ఉంటే, అక్కడ షుగర్ తక్కువని సంబరపడే ముందు స్టాక్ అందిందా, జనం ప్రైవేటులో కొంటున్నారా, డేటా ఎంట్రీ అయిందా అని అడగొచ్చు. ఇండెంట్ ఎంత పెట్టాలో చెప్పడానికి కూడా నిరుటి స్ట్రిప్పుల సంఖ్య కంటే ఇది నయం, ఎందుకంటే ఈసారి 500 బదులు 1000 మిల్లీగ్రాములు సరఫరా అయినా లెక్క చెడదు.

చెడేది ఎక్కడంటే స్ట్రెంత్ గడిలో. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు అనాల్సింది 50 మిల్లీగ్రాములని పడితే ఒక్క ఊరి వాడకం వెయ్యి రెట్లయి కూర్చుంటుంది. అమాక్సిసిల్లిన్ క్లావ్ '625' అంటే 500, 125 కలిపినది. డీడీడీ అమాక్సిసిల్లిన్ మీదే లెక్క కాబట్టి 500 తీసుకోవాలి, 625 కాదు. ఇన్సులిన్ వయల్ మీద 40 యూనిట్లు అని ఉంటే అది ఒక మిల్లీలీటరుకు. 10 మిల్లీలీటర్ల వయల్‌లో 400 యూనిట్లు, ఇన్సులిన్ డీడీడీ 40 యూనిట్లు, అంటే 10 డీడీడీలు. పెన్నులో వేసే 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకు 100 చొప్పున 300 యూనిట్లు, 7.5 డీడీడీలు. రెండింటినీ 'ఒక పీసు' అని లెక్కేస్తే ఏమొస్తుందో చెప్పనక్కర్లేదు. పిల్లల సిరప్‌లు, డ్రాప్స్ డీడీడీ లెక్కల్లో పెద్దవాళ్లతో కలపకండి, ఆ కొలత పెద్దవాళ్లదే.

సంవత్సరం రాయని కోడు సగం కోడే. ఓస్లో ప్రతి జనవరిలో కొత్త సూచిక విడుదల చేస్తుంది. 2019లో నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిల్లిన్ డీడీడీ 1 గ్రాము నుంచి 1.5 గ్రాములైంది. ఒక జిల్లా 2018లో 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు 3,00,000 వాడి, 2019లోనూ సరిగ్గా అన్నే వాడిందనుకోండి. మొదటి ఏడు 1,50,000 డీడీడీలు, తర్వాతి ఏడు 1,00,000. ఒక్క క్యాప్సూల్ తగ్గకుండానే మూడో వంతు తగ్గినట్టు గ్రాఫు దిగుతుంది, ఎవరో ఒకరు దాన్ని స్లైడ్‌లో పెట్టి చప్పట్లు కొట్టించుకుంటారు. పోలిక పెట్టినప్పుడు అన్ని సంవత్సరాలనూ ఒకే ఏటి సూచికతో తిరగలెక్కించాలి. కోడ్లూ మారతాయి. ఇమాటినిబ్ లాంటి కేన్సర్ మాత్రలు 2021లో ఎల్01ఎక్స్‌ఈ నుంచి ఎల్01ఈకి మారాయి. ఏటీసీ కోడునే డేటాబేస్‌లో ప్రైమరీ కీగా, అంటే ప్రతి ఐటమ్‌ను గుర్తుపట్టే అసలు సంఖ్యగా, పెట్టుకున్నవాళ్లు అప్పుడు తల పట్టుకోక తప్పదు. ఐటమ్‌కు మీ సొంత మారని సంఖ్య ఉండాలి. ఏటీసీ వేరే పట్టికలో, ఏ ఏటి సూచిక, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరు ఖరారు చేశారు అన్న వివరాలతో ఉండాలి. పాత వరస చెరిపేయకుండా ముగింపు తేదీ వేసి కొత్తది చేర్చాలి.

ఏటీసీ ఉంటే మిగతావి అక్కర్లేదని మేం అనడం లేదు. ప్రతిదానికీ దాని గడి ఉండాలంటున్నాం, అంతే. హెచ్1 చట్టపరమైన హోదా. సెఫిక్సిమ్ యాంటీబయాటిక్, ట్రమడాల్ నొప్పి మందు, అల్‌ప్రజోలం మత్తు మందు. మూడూ హెచ్1లోనే ఉన్నాయి, మూడింటికీ విడి రిజిస్టరు రాసి మూడేళ్లు దాచాలి. అమాక్సిసిల్లిన్ యాంటీబయాటికే అయినా హెచ్1లో లేదు. రెండూ ఒకే గడిలో పెడితే ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు రిజిస్టరూ సరిగ్గా రాదు, యాంటీబయాటిక్ రిపోర్టూ సరిగ్గా రాదు. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో 384 మందులు 27 చికిత్సా విభాగాల్లో ఉన్నాయి. ధరల నియంత్రణకు, ఏ స్థాయి ఆసుపత్రిలో ఏది ఉండాలో చెప్పడానికి అది కావాలి. కానీ ఆ 27 విభాగాలు ఏటీసీ 14 గుంపులతో సరిపోలవు, పోల్చాలని చూడకండి. మార్కెట్ అమ్మకాల డేటా కొంటే అందులోనూ ఇలాంటి కోడే కనిపిస్తుంది, జె01సీ బదులు జె1సీ అని. అది కంపెనీల సంఘం వాడే వేరే వర్గీకరణ. సున్నా ఎగిరిపోయిందనుకుని ఎవరో దిద్దేస్తారు, జాగ్రత్త. ఇక బ్రాండు నుంచి సాల్ట్‌కు, స్ట్రెంత్‌కు వెళ్లే దారికి పుణెలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్‌లోని జాతీయ కేంద్రం, వైద్య పదాలకు అంతర్జాతీయ కోడ్ల పట్టిక అయిన స్నోమెడ్ ఆధారంగా కామన్ డ్రగ్ కోడ్స్ ఫర్ ఇండియా ఇస్తోంది. భారత్ 2014 నుంచి స్నోమెడ్ సభ్యదేశం. ముందు ఆ కోడుతో ఐటమ్‌ను కట్టి, అక్కడి నుంచి ఏటీసీకి వెళితే చేత్తో చేసే పని చాలా తగ్గుతుంది.

ఇప్పుడున్న చెత్తను ఎలా శుభ్రం చేయాలన్నది మిగిలింది. మొత్తం ఐటమ్ మాస్టర్‌ను ఎక్సెల్‌లోకి దించండి. సిరంజిలు, గ్లవ్స్, కుట్టు దారాలు పక్కకు తీయండి, వాటికి కోడు ఖాళీగా ఉండటమే సరి. ఆయుష్ మందులకు వేరే పట్టిక. మిగిలినవాటిలో గత ఏడాది ఎక్కువ వాడకం ఉన్నవాటితో మొదలుపెట్టండి, అక్షర క్రమంలో మొదలుపెడితే 'సి' దాటేసరికి ఉత్సాహం చస్తుంది. ప్రతి ఐటమ్‌ను సాల్ట్, స్ట్రెంత్, యూనిట్, రూపం, మార్గం అని విడగొట్టండి. కోడు ఇద్దరు ఫార్మసిస్టులు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా వేయాలి. తేడా వచ్చినచోట మూడో మనిషి, వీలైతే ఫార్మకాలజీ విభాగం వారు తేల్చాలి. తేల్చిన కారణం ఒక్క వాక్యం చాలు, కానీ రాయాలి.

తర్వాత కంప్యూటర్‌తో అనుమానాలు తీయించండి. రూపం 'కంటి చుక్కలు' అయి కోడు ఎస్‌తో మొదలు కాకపోతే ఎర్ర గీత. ఆయింట్‌మెంట్ అయి జెతో మొదలైతే ఎర్ర గీత. మాత్ర అయి డీతో మొదలైతే ఎర్ర గీత. ఇవి తప్పులని కాదు, చూడాల్సినవని. ఆ 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ మాత్ర నిజంగానే డీలో ఉంటుంది. మెట్రోనిడజోల్ మాత్ర జెలో కనిపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు, అది తప్పే.

ఆన్ చేసే ముందు ఈ లేఖలో చెప్పిన చీటీలనే పరీక్షగా వాడుకోండి. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ కలిసినది. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ కలిసినది. పెన్సిలిన్ అలర్జీ ఉన్న రోగికి పైలోరీ కిట్. ఆస్తమా రోగికి టిమోలాల్ చుక్కలు. నాలుగు గ్రాములు దాటిన పారాసిటమాల్. అల్‌ప్రజోలంతో క్లోనజెపాం. ఇవన్నీ మోగాలి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన చీటీ మోగకూడదు. డెమో ఇచ్చేటప్పుడు కంపెనీవారు వాళ్ల సొంత డేటాతో చూపిస్తారు, మీ ఆసుపత్రి మాస్టర్ మీదే ఈ ఏడూ పెట్టించి చూడండి.

టెండర్ పత్రాలు రాసేవారికి ఒక విన్నపం. 'వర్గీకరణ సౌకర్యం ఉండాలి' అని రాస్తే అందరూ టిక్కు పెడతారు, ఆ ఖాళీ గడి చూపించి. ఒక ఐటమ్‌కు ఒకటి కంటే ఎక్కువ సాల్ట్‌లు, ప్రతి సాల్ట్-మార్గం జంటకు తేదీలతో కూడిన కోడు, గుంపు వారీగా మార్చుకోగల హెచ్చరిక మెట్టు, జబ్బుకు విడి గడి, ఏటా జనవరి సూచికతో సరిచూసి తేడాల జాబితా ఇవ్వడం, కాంట్రాక్టు ముగిసినప్పుడు మ్యాపింగ్ పట్టిక మొత్తం ఆసుపత్రికే అప్పగించడం అని రాయండి. చివరిది ముఖ్యం. ఫార్మసిస్టులు నెలల తరబడి కూర్చుని కట్టిన పట్టిక, కంపెనీ మారిన రోజు పాత సర్వర్‌తో పాటు వెళ్లిపోకూడదు.

ఆ పని చేసే ఫార్మసిస్టుకు డిస్పెన్సింగ్ కౌంటర్ నుంచి వారానికి కనీసం రెండు మధ్యాహ్నాలు సెలవివ్వండి. కిటికీ ముందు వరస నిలబడి ఉండగా, పక్కన ఎక్సెల్ తెరుచుకుని చేస్తే మళ్లీ 'అదర్స్' అనే పడుతుంది.

ఇట్లు,
ఆసుపత్రి ఫార్మసీల్లో, డ్రగ్ మాస్టర్ల నిర్వహణలో పనిచేస్తున్న కొందరు ఫార్మసిస్టులం